మూగపెట్టెకు చెవి ఆనించిన మామయ్య

దేవుడు మనుషులందరికీ చెవులు వినడానికిచ్చాడు. మామయ్యకు మాత్రం వస్తువులకు ఆనించడానికిచ్చాడు. కుర్చీ కానీ, కుక్కరు కానీ, తలుపు గొళ్ళెం కానీ, దానికి కుడిచెవి ఆనించి, కళ్ళు మూసుకుని, లోలోపల అది ఏమంటోందో వినకుండా ఆయన ఏదీ కొన్న పాపాన పోలేదు. అందరికీ ఆయన పేరు చెవిమామయ్య.

ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. లిఫ్టు గోడకు చెవి ఆనించి పైకీ కిందికీ నాలుగుసార్లు తిరిగితే చాలు, ఏ చక్రం అరిగిందో చెప్పేసేవాడు. ఎక్కినవాళ్ళు ఆయన నిలబడి నిద్రపోతున్నాడనుకుని అడుగులో అడుగు వేసుకుంటూ దిగిపోయేవారు. "యంత్రం అబద్ధమాడదే తల్లీ, దాని మాట పూర్తిగా వినే ఓపిక మనకే ఉండదు" అనేవాడు మేనకోడలితో.

ఒకసారి కుర్చీలమ్మే చోట మేనకోడలిని కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేలమీద పడుకుని కుర్చీ కాలికి చెవి ఆనించాడు.

"కాస్త ఊగు."

ఊగింది.

"అలా కాదు, కోపం వచ్చినట్టు ఊగు."

ఇంతలో ఎవరో ఇల్లాలు, పాపం పెద్దాయన పడిపోయాడనుకుని పరుగున వచ్చి ముఖాన నీళ్ళు చల్లింది. మామయ్య కళ్ళయినా తెరవలేదు. "చల్లితే చల్లావు కానీ తల్లీ, మాట్లాడకు. నాలుగో కాలు ఏదో చెబుతోంది" అన్నాడు.

దగ్గు వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అంతకంటే ఘోరం జరిగింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూడగానే, "ఇప్పుడు నా వంతు" అని దాన్ని లాక్కుని డాక్టరు గుండెకే ఆనించాడు. "మీరు మెట్లెక్కితే ఆయాసపడతారు, అవునా? తాడు బిగుసుకుపోయిందండీ. రోజూ కాస్త నడవండి" అన్నాడు. డాక్టరు ఆ సాయంత్రం నుంచి నడక మొదలుపెట్టాడు. మామయ్య దగ్గు మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని మేనకోడలు మిడి కీబోర్డు కొనడానికి బయలుదేరిందంటే, ఆమె ఓపికకు దణ్ణం పెట్టాలి.

మేనకోడలు ఇంట్లోనే పాటలు కడుతుంది. మేడమీది వెనక గది ఆమె స్టూడియో. గోడలకు పాత దుప్పట్లు, బల్లమీద కంప్యూటరు, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు. ఉద్యోగం నుంచి దిగిపోయాక మామయ్య అదే ఇంట్లో ముందు గదిలో ఉంటున్నాడు. కింది వాటాలో బేకరీ మేస్త్రీ, ఆయన భార్య. మేస్త్రీ తెల్లవార్లూ రొట్టెలు కాల్చి పొద్దున్నే వచ్చి పడుకుంటాడు కనుక పైవాళ్ళకు ఆయన కనిపించడమే అరుదు.

పిల్లల బొమ్మలాట ఆడించే బృందంవాళ్ళు మొదటిసారి మేనకోడలిని నమ్మి ఏనుగు పాట కట్టమన్నారు. శుక్రవారం పొద్దుటికి అందకపోతే తమ పాత పాటతోనే ఆడేస్తామనీ, ఇంకెప్పుడూ ఆమెను పాట అడగబోమనీ చెప్పారు. సరిగ్గా ఆదివారం నాడు ఆమె పాత కీబోర్డులో సగం మెట్లు ఎంత నొక్కినా పలకకుండా మొరాయించాయి.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ వాయిద్యాల షాపులో ఉన్నారు. షాపాయన ఒక కీబోర్డు తీసి గాజుబల్లమీద పెట్టాడు. మామయ్య ఒక మెట్టు నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కాడు. లేదు.

"పాపం, మూగది" అన్నాడు జాలిగా.

"మూగది కాదండీ, దీని పద్ధతే అంత" అన్నాడు షాపాయన. "ఏ మెట్టు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో కంప్యూటరుకు కబురు చెప్పడమే దీని పని. పలికేది కంప్యూటరు. ఉండండి, తీగ తగిలించి వినిపిస్తాను."

"వద్దొద్దు! తీగ తగిలిస్తే అది నేర్పిన మాట చెబుతుంది. తగిలించనప్పుడే దాని సొంత మాట."

అంటూ గాజుబల్ల కిందికి దూరిపోయాడు. లోపలినుంచి గొంతు వచ్చింది. "నొక్కండి! ఒక్కొక్కటే. వేలు పెట్టేటప్పుడు కాదు, తీసేటప్పుడు ఎలా తీస్తారో అలా తీయండి."

ఎలా తీయాలో అర్థం కాక షాపాయన నొక్కసాగాడు. వయొలిన్ తీగలు కొనడానికి వచ్చిన ఒకావిడ, ఏదో పడిపోయి వెతుకుతున్నారనుకుని తానూ వంగి బల్లకింద వెతికింది. పావుగంట వెతికాక, "ఇంతకీ ఏం పోయిందండీ?" అని అడిగింది.

"నా పరువు" అంది మేనకోడలు.

ఆమెకు నచ్చింది ఎనభై ఎనిమిది మెట్ల కీబోర్డు. ఒక్కో మెట్టూ పియానో మెట్టులా బరువుగా దిగుతుంది. మామయ్య దానికి చెవి ఆనించి, తేలు కుట్టినట్టు వెనక్కి గెంతాడు.

"ఇది వాయించేదా, దంచేదా?"

"నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను కదా మామయ్యా! నాకేమీ వినిపించదు."

"నీకు వినిపించదనేగా నా బాధ!"

"అదేం మాట?"

"అదంతే. రేపొద్దాం పద."

మంగళవారం ఇరవై అయిదు మెట్లవీ, నలభై తొమ్మిది మెట్లవీ విన్నాడు. ఒకటి పళ్ళు కొరుకుతోందన్నాడు. ఇంకొకటి ఎక్కిళ్ళు పెడుతోందన్నాడు. బుధవారం షాపాయన వీళ్ళను చూడగానే బల్లకింద చాప పరిచి, దిండు కూడా వేశాడు.

"శుక్రవారం పాట ఇవ్వాలి మామయ్యా! ఇవాళ తేలకపోతే నేను నోటితో ఏనుగులా అరిచి పంపాలి" అంది మేనకోడలు, కళ్ళనీళ్ళ పర్యంతమై.

మామయ్య ముఖం వాడిపోయింది. వెళ్ళి బల్లకింద పడుకున్నాడు. అరవై ఒక్క మెట్ల నల్ల కీబోర్డు ఒకటి వచ్చింది. షాపాయన నొక్కాడు. కిందినుంచి ఏ మాటా లేదు. ఇంకా నొక్కాడు. నిద్రపోయాడేమోనని ఇద్దరూ వంగి చూస్తే, మామయ్య నవ్వుతున్నాడు.

"మంచి లిఫ్టు నేలకు దిగినట్టు దిగుతోందమ్మా. లోపల నిలబడ్డవాడికి ఆగినట్టే తెలియదు. ఇదే!"

షాపాయన ఇద్దరికీ చేతులెత్తి నమస్కరించాడు.

గురువారం మధ్యాహ్నానికి మేనకోడలు పాట సగం కట్టేసింది. మెట్లు వేళ్ళకింద వెన్నలా దిగుతున్నాయి. మామయ్య మాట నిజమేనని ఒప్పుకుందామని ముందు గదికి వెళితే ఆయన లేడు. వీధిలోనూ లేడు. కిందికి దిగేసరికి మేస్త్రీ భార్య గుమ్మంలో నిలబడి పెదవులమీద వేలు పెట్టుకుంది. "మీ మామయ్యగారు లోపలున్నారమ్మా, డ్యూటీలో" అంది గుసగుసగా.

లోపల మంచంమీద మేస్త్రీ గురక పెడుతున్నాడు. అదే మంచంమీద, ఆయన కాళ్ళ దగ్గర ఒక పీట. పీటమీద మామయ్య. ఇంటికప్పుకు ఒక స్టీలు గ్లాసు, గ్లాసుకు కుడిచెవి.

"ఏం పని మామయ్యా ఇది!"

"ష్! ఆ పాతది నువ్వు వాయిస్తుంటే నీ చెవుల్లో పాట, ఈయన నెత్తిన టకటక. బల్ల కాళ్ళలోంచి నేలలోకి దిగుతుందే! ఆరునెలల కిందట పాపం మెట్లెక్కి నీకు చెప్పబోతుంటే నేనే ఆపాను. నీకు తెలిస్తే దొంగలా మెల్లగా వాయిస్తావు. మెల్లగా వాయిస్తే పాటకు ఊపిరాడదు. అప్పటినుంచీ రోజూ వచ్చి వింటున్నాను. ఇవాళ చూడు, ఇసుమంత చప్పుడు లేదు. పసిపిల్లాడిలా పడుకున్నాడు."

మేనకోడలు నోరు తెరిచి ఏదో అనబోయింది. అంతలో మామయ్య చెయ్యెత్తి ఆపాడు. భృకుటి ముడిపడింది. గ్లాసు తీసి, మెల్లగా వంగి, మేస్త్రీ గుండెకు చెవి ఆనించాడు.

"ఇది నిద్రపోతున్న గురక కాదే. తలుపులు మూసుకుని ఊరికే నిలబడ్డ లిఫ్టు ఇది."

గురక ఠక్కున ఆగిపోయింది. మేస్త్రీ ఒక కన్ను తెరిచాడు.

"క్షమించండి మామయ్యగారూ. ఆదివారం నుంచి నాకు కంటిమీద కునుకు లేదు."

"చప్పుడే లేదు కదయ్యా!"

"అదేనండీ వచ్చిన చిక్కు! మొదటి నెల నిద్ర పట్టలేదు, నిజమే. తర్వాత ఆ టకటక వినిపిస్తేనే పట్టడం మొదలైంది. మీరేమో ఎండనక వాననక నా కోసం వచ్చి మంచమెక్కుతుంటే, అలవాటైపోయిందని ఏ నోటితో చెప్పను? మీరు సంతోషిస్తారని ఇందాకటినుంచి గురక పెడుతున్నాను." తర్వాత మేనకోడలివైపు తిరిగి ఆశగా అడిగాడు. "ఆ పాతది బాగుచేయించడానికి వీలవదా అమ్మా?"

మామయ్య పీటమీదే కూలబడ్డాడు. మేస్త్రీ భార్య కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

మేనకోడలు నవ్వు ఆపుకుంటూ పైకి పరిగెత్తి కీబోర్డు ముందు కూర్చుంది. రెండు చేతులతో పాట వాయిస్తూ, కుడిమడమతో నేలమీద తాళం వేసింది. టక, టకటక. కాసేపటికి హెడ్‌ఫోన్లు ఒక చెవినుంచి జరిపి వింటే, కిందినుంచి అసలు సిసలు గురక వినిపించింది. గురక ఆగకూడదని ఆమె తాళమూ ఆపలేదు. పాట పూర్తయ్యేదాకా అలాగే వేసి, చివరికి అదే తాళాన్ని పాటలోనూ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే బొమ్మలాట బృందంవాళ్ళు పాట విని ఫోన్ చేశారు. "ఏనుగు నడక అదిరిపోయిందమ్మా! తర్వాతి ఆటలో ముసలి ఏనుగుకు కూడా మీరే పాట కట్టాలి. ఇంతకీ ఆ డప్పు ఎవరు కొట్టారు?"

"డప్పు కాదండీ" అంది మేనకోడలు, "మా కింది వాటా అన్నయ్యగారి నిద్రమందు."