జార్కోట్ నుంచి ఒకరు కిందికి, ఒకరు పైకి

1992 జనవరిలో మా సంస్థ నన్ను షోలాపూర్‌కు పంపింది. పుణెలో ఉన్న ఆ ప్రయాణాల సంస్థలో నేనప్పుడు ట్రెక్ మేనేజర్‌ని. కొండల్లో నడిచే బృందాలకు దారి నిర్ణయించడం, ఏ ఊళ్లో ఆగాలో చూడడం, గైడ్లను కుదర్చడం, నడవబోయేవాళ్లను ముందుగా తయారు చేయడం, చివరికి వాళ్ల వెంట నడవడం నా పని. అంతకుముందు మేం తీసుకెళ్లినవాళ్లు ఎక్కువగా కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు. ఈసారి అడిగింది భవాని పేట్‌లోని ఒక భజన మండలి. అందరూ తెలంగాణ నుంచి తరాల కింద వచ్చి స్థిరపడిన నేతపనివాళ్లు. నేపాల్‌లోని ముక్తినాథ్‌కు నడిచి వెళ్లి దర్శనం చేసుకోవాలని వాళ్ల కోరిక. మా ఆఫీసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నాకు వచ్చింది.

ఆ దారిని మేం టీహౌస్ ట్రెక్ అంటాం. గుడారాలు మోసుకుపోనక్కర్లేదు. దారిలోని ఊళ్లలో చిన్న వసతి ఇళ్లుంటాయి; కింద వంటిల్లు, పైన చెక్క మంచాల గదులు. తేలిక అనిపిస్తుంది గాని ఏర్పాట్లు తక్కువేమీ కాదు. ఒకే పొయ్యి మీద అందరికీ వండాలి కాబట్టి దిగగానే అందరికీ ఒకే భోజనం చెప్పాలి. కాచిన నీళ్లే తాగాలి. అక్కడ లోయలో మధ్యాహ్నం అయ్యేసరికి ఎదురుగాలి లేస్తుంది, దుమ్ముకు కళ్లు తెరవలేం. అందుకని పొద్దున్నే బయల్దేరి గాలి లేవకముందే చేరిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒళ్లు ఎత్తుకు అలవాటు పడేలా మెల్లగా ఎక్కాలి, మధ్యలో ఒక రోజు ఆగాలి.

మండలి పెద్ద మల్లేశం. కుంఠా నాకాలో నాలుగు పవర్‌లూములు పెట్టి తువ్వాళ్లు నేయించేవాడు. మనిషి ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. నాతో మాట్లాడుతూనే మగ్గం చప్పుడు కాస్త మారితే లేచి లోపలికి పోయేవాడు. తిరిగొచ్చి మాట మధ్యలోంచి అందుకునేవాడు. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానం ఉందని అతనికి ఎవరో చెప్పారు.

"తాయీ, ఇమానం ఉండంగ నడుసుడెందుకు? మగ్గాలు బందు వెట్టి ఎన్ని దినాలు తిరుగాలె?" అన్నాడు.

అక్కడ ఆడవాళ్లను గౌరవంగా మరాఠీ పద్ధతిలో తాయి, అంటే అక్క, అని పిలుస్తారు. వయసులో నేను చిన్నదాన్నయినా నాకూ అదే పిలుపు ఖాయమైంది. పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు విమానం అని చెప్పాను. ఒక్కసారిగా ఎత్తుకు చేరితే గాలిలో ఉండాల్సినంత ప్రాణవాయువు ఉండదనీ, ఒళ్లు సర్దుకోవడానికి రోజులు పడతాయనీ వివరించాను. సరేనన్నాడు గాని అతని కాలు అరుగు మీద ఆడుతూనే ఉంది.

అతని భార్య నర్సవ్వ. యాభై దాటింది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ మా సమావేశాలన్నిటికీ వచ్చేది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏళ్ల తరబడి కింద కూర్చున్న మోకాళ్లు, పొగాకు పొడికి వచ్చే దగ్గు చూసి నా భయమంతా ఆమె గురించే. డాక్టరు పరీక్షలో అందరితోపాటు ఆమె కూడా నెగ్గింది. అయినా వెనకాల నడిచే సహాయ గైడు ఆమెకు దగ్గరగా ఉండాలనీ, ఎక్కుడు దారుల్లో గుర్రం దొరికే ఊళ్లేవో ముందే కనుక్కోవాలనీ అనుకున్నాను.

షోలాపూర్ చదునైన ఊరు. కొండెక్కడం నేర్పడానికి కొండ లేదు. పొద్దున్నే కోట చుట్టూ నడిపించేదాన్ని. తరవాత అశోక్ చౌక్ దగ్గర ఒకరి మూడంతస్తుల మేడ మెట్లు ఎక్కించి దించేదాన్ని. ఆడవాళ్లను బూట్లకు ఒప్పించడానికే చాలా రోజులు పట్టింది. దుప్పట్ల దగ్గర ఇంకో తగువు. షోలాపూర్ చద్దర్లు వద్దు, నూలు తడిస్తే బరువు, ఆరదు, టీహౌసుల్లో రజాయిలు ఉంటాయి అన్నాను. వాళ్లకు కోపమొచ్చింది. తాము నేసిన చద్దరు తమకే పనికిరాదని ఒక ఆడమనిషి చెప్పడమేమిటని రెండు రోజులు నడకకు రాలేదు. చివరికి మనిషికొకటి అని రాజీ పడ్డాం. తిండి విషయంలో మాత్రం వాళ్లు నాకు సాయపడ్డారు. ఎండబెట్టిన కడక్ జొన్నరొట్టె, పల్లీల పొడి ఎన్ని రోజులైనా చెడవు. దారిలో పప్పన్నం విసుగొచ్చినప్పుడు అవే అందరినీ నిలబెట్టాయి.

పొద్దుటి నడకకు మగవాళ్లు వచ్చే రోజు వచ్చేవారు, మానే రోజు మానేవారు. మల్లేశానికైతే మగ్గాలే సరిపోయేవి. ఒక్కరోజు కూడా మానంది నర్సవ్వ. మొదట్లో అందరికంటే వెనక ఉండేది. మార్చి వచ్చేసరికి నా పక్కనే నడుస్తూ, నేను ఆయాసపడుతుంటే చూసి నవ్వేది.

ఏప్రిల్‌లో బయల్దేరాం. రైలు, బస్సు మార్చుకుంటూ పోఖరా చేరి, అక్కణ్నుంచి నడక మొదలుపెట్టాం. మా ముఖ్య గైడు దిల్ బహదూర్ ఆ లోయలో పుట్టి పెరిగినవాడు. సహాయకుడు కర్ణ. నియమం ఒకటే: గైడును దాటి ఎవరూ ముందుకు పోకూడదు. మల్లేశం మొదటి రోజునుంచే దాన్ని పాటించలేదు. మేం మలుపు తిరిగేసరికి అతను పై మలుపులో నిలబడి చేయి ఊపేవాడు. దిల్ బహదూర్ నాతో రెండుసార్లు చెప్పాడు. నేను మల్లేశంతో నాలుగుసార్లు చెప్పాను.

కాగ్బేనిలో ఒకరోజు విశ్రాంతి. కదలకుండా కూర్చోవడం కూడా నడకలో భాగమేనని ముందే నచ్చజెప్పాను. అయినా మల్లేశం గుట్టెక్కి వచ్చాడు, ఏటి ఒడ్డున సాలగ్రామాలు వెతికాడు, పోర్టర్ల మూటలు సర్దాడు. నీళ్లు తాగమంటే మాటిమాటికీ బయటికి పోవలసి వస్తుందని తాగలేదు. ఆ రోజంతా నాకు మనసు నిలవలేదు. ఎత్తు పడనివాళ్లకు ముఖం వాస్తుంది కాబట్టి ఎవరిని చూసినా వాచినట్టే అనిపించేది. ఎవరు దగ్గినా తిరిగి చూసేదాన్ని. ఎక్కువసార్లు నర్సవ్వ వైపే.

మర్నాడు జార్కోట్‌లో భోజనానికి ఆగాం. అక్కణ్నుంచి పైకి చూస్తే గుడి చుట్టూ ఉన్న చెట్ల గుంపు కనబడుతుంది. గంట నడక. అందరూ బూట్లు విప్పి దండం పెట్టుకుంటున్నారు. మల్లేశం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అంతసేపు కదలకుండా అతణ్ని నేను చూడడం అదే మొదటిసారి. పళ్లెం ముట్టలేదు.

నర్సవ్వ నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "పొద్దుగాల కక్కిండు తాయీ. రాతిరి సంది తలకాయ నొస్తున్నదట. నీకు చెప్పద్దన్నడు."

ఎత్తు జబ్బును కనిపెట్టడానికి మా దగ్గర ఒక సులువైన పరీక్ష ఉండేది. నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ దాని మీద నడవమనడం. మల్లేశం నవ్వుతూ లేచాడు. మూడో అడుగుకు పక్కకు తూలాడు. రెండోసారి దిల్ బహదూర్ పట్టుకోకపోతే పడిపోయేవాడు. తలనొప్పి, వాంతి వరకైతే అక్కడే ఆగి చూడొచ్చు. నడక తప్పిందంటే మెదడులో నీరు చేరుతోందని అర్థం. దానికి మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. తెల్లారేదాకా ఆగడం అనేదే లేదు.

ఆ మాటే చెప్పాను. అతను ఒప్పుకోలేదు.

"గుడి గీడనే ఉన్నది గద తాయీ! గంత దూరం వచ్చి మొకం జూడకుంట మర్లిపోవాల్నా? పేట్‌ల మంది ఏమంటరు? చాయ్ తాగితె బరోబ్బర్ అయిత."

"దేవుడు ఎక్కడికీ పోడు. మీరు పైకెక్కితే తిరిగి దిగుతారని నేను చెప్పలేను," అన్నాను.

కోపంగా లేవబోయాడు. మళ్లీ తూలాడు. ఈసారి తనకే తెలిసింది. ముఖంలో రంగు పోయింది. ఊళ్లో దొరికిన గుర్రాన్ని దిల్ బహదూర్ తెప్పించాడు. కాసేపటికి మల్లేశం తల వంచుకుని భార్యతో అన్నాడు, "నడువ్. మూట గట్టు."

నర్సవ్వ లేవలేదు.

"నేను పైకి పోత," అంది.

 మండలిలో పెద్దాయన ఒకరు నా వైపు తిరిగి, "ఏంది తాయీ గిది? మొగుని పాణం మీదికొస్తె పెండ్లాం పైకి పోతదా? నువ్వన్న చెప్పు," అన్నాడు. ఆడవాళ్లలో ఒకామె నర్సవ్వ భుజం పట్టుకుని లేపబోయింది. నర్సవ్వ ఆ చేయి తీసేసి నన్ను సూటిగా అడిగింది.

"తాయీ, నేను ఎంబడి పోతె ఆయన జల్ది బాగైతడా?"

 అవునంటే ఆ గొడవ అక్కడితో అణిగిపోయేది. అందరూ నా నుంచి ఆశించింది కూడా ఆ మాటే. కాని అది నిజం కాదు. అతనికి కావలసింది దిగడం, పక్కన పట్టుకోవడానికి బలమైన ఇద్దరు మనుషులు. నర్సవ్వ ఉంటే ధైర్యంగా ఉండొచ్చేమో, జబ్బులో మార్పు ఉండదు. అలాగే చెప్పాను.

"అయితె నేను పోత. ఆయన గురించి రాలే నేను. నా గురించి వచ్చిన. దినాం కోట సుట్టు తిరిగింది నేను," అంది. తరవాత భర్త వైపు చూసి, "నువ్వు దిగు. ఉగాచ్ ఉత్తగ లొల్లి వెట్టకు. రేపు నేను వస్త," అంది.

మల్లేశం గుర్రం వైపు తిరిగాడు. "పో," అన్నాడు. ఆ మాటలో అనుమతి ఉందో కోపం ఉందో నాకు తెలియలేదు.

మా పద్ధతి ప్రకారం మేనేజరు పెద్ద బృందంతో ఉండాలి, జబ్బుపడ్డవాడితో సహాయ గైడు దిగాలి. దాన్ని మార్చాను. మనుషుల స్థితిని చూసి తెలుసుకోగలవాడు దిల్ బహదూర్. అతణ్ని, గుర్రం మనిషిని మల్లేశంతో పంపి, కర్ణను నా దగ్గర ఉంచుకున్నాను. గాలి మొదలైంది. ముగ్గురూ దుమ్ములో కలిసిపోయేదాకా చూసి మిగతావాళ్లను పైకి నడిపించాను.

ఆ మధ్యాహ్నం దర్శనం నాకు సరిగా గుర్తులేదు. అప్పుడక్కడ ఫోన్లు లేవు. కబురు రావాలంటే ఎవరో ఒకరు నడిచి రావాలి. నేను గుడి వాకిలికీ దారి మలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. గుర్రం కాలు జారిందేమో, గాలికి ఎక్కడైనా ఆగిపోయారేమో, దిగాక కూడా తగ్గలేదేమో. టీ తెప్పించుకుని తాగకుండా వదిలేశాను, మళ్లీ తెప్పించుకున్నాను. నర్సవ్వ గుడి వెనక వరుసగా పడుతున్న మంచునీటి ధారలన్నిటి కిందా తల తడుపుకుని వణుకుతూ వచ్చింది. వచ్చీరాగానే, "ఖబర్ వచ్చిందా?" అంది.

లేదన్నాను. నా పక్కనే రాతి మీద కూర్చుని కింది దారి చూస్తూ ఉంది. చీర కొంగు అంచును వేళ్లతో చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. బీడీలు చుట్టే చేతులు.

"దండం వెట్టుకుంటుంటె ఆయన మొకమే కండ్లల్ల మెదిలింది తాయీ," అంది కాసేపటికి. "కోపమొచ్చింది. గీడ గూడ నన్ను ఒక్కదాన్ని ఉండనియ్యడా అని."

మర్నాడు పొద్దున్న కంచరగాడిదలు తోలుకొచ్చే మనిషి ఒకడు మా టీహౌసు ముందు ఆగి కబురు చెప్పాడు. మల్లేశం కాగ్బేనికి చేరాడు, రాత్రి నిద్రపోయాడు, లేచాక అన్నం అడిగాడు. నర్సవ్వ లోపలికి వెళ్లి రెండు పళ్లేల పప్పన్నం తింది.

మేం దిగేసరికి మల్లేశం తన కాళ్ల మీద నడుస్తున్నాడు. జోమ్‌సోమ్‌లో గాలి వల్ల విమానం రాలేదు, అక్కడే ఆగాల్సి వచ్చింది. భార్యాభర్తలు ఒకే బల్ల మీద చెరో చివర కూర్చున్నారు. మండలివాళ్లు నర్సవ్వను తప్పించుకు తిరుగుతున్నారు. రెండో రోజు కూడా విమానం రాదని తెలిశాక మల్లేశం గోడవైపు చూస్తూ అడిగాడు. "నీళ్లు మస్తు సల్లగుండెనా?"

నర్సవ్వ అతని వైపు జరిగి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో ధార గురించీ, ప్రసాదం గురించీ, పూజారిణుల గురించీ. ఆమె అన్ని మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అతను మధ్యలో లేవలేదు.

పుణె తిరిగి వచ్చాక మా ఆఫీసుకు ఫిర్యాదు అందింది. చేసింది మల్లేశం కాదు, మండలిలోని ఆ పెద్దాయన. మొగుడూ పెళ్లాలను విడదీశానని, ఇక మా సంస్థతో ఎక్కడికీ రామని. మా పైఅధికారి నన్ను పిలిచి సంజాయిషీ అడిగారు. జరిగింది చెప్పాను. వైద్యం విషయంలో నిర్ణయం సరైనదేననీ, మిగతాది కాస్త నేర్పుగా నడిపించాల్సిందనీ అన్నారు. ఎలా నడిపించాలో ఆయనా చెప్పలేదు. భవాని పేట్ నుంచి తరవాత నిజంగానే ఏ బృందమూ రాలేదు. నర్సవ్వ చాలాకాలం మాటలు పడిందని ఇంకొకరి ద్వారా విన్నాను.

ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. బయల్దేరే ముందు ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మీతో వచ్చినవాళ్లు వెనక్కి తిరగాల్సి వస్తే మీరేం చేస్తారని అడిగేదాన్ని. భార్యల జవాబులు భర్తలు అనుకున్నట్టు ఉండేవి కావు, అన్నదమ్ములవీ అంతే. ఆ జవాబులను బట్టి ఎంతమంది గైడ్లు కావాలో లెక్క వేసేదాన్ని. కొండ మీద ఊపిరి ఎవరిది వారిదే, ఎందుకొచ్చామన్నదీ ఎవరిది వారిదే. జంటలుగా చూడడం గదులు పంచడానికి మాత్రమే పనికొస్తుంది.