సినిమా కాగితానికి పెట్టిన బొట్టు

మా ఆయన శంషాబాద్‌లో ఒక సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు అన్నం డబ్బా ఇచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని సినిమా చూడబోయాను. "టికెట్ తెచ్చుకో, పో," అన్నాడు. కట్టుకున్న పెళ్లాన్ని అందరితో పాటు వరుసలో నిలబెట్టాడు. ఆ పూట ఎంత తిట్టుకున్నానో! కానీ అదే అలవాటైపోయింది. ఊరికే వచ్చే సినిమా చూడాలంటే ఇప్పటికీ నాకు మనసొప్పదు.

ఆయన పోయాక ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన చాయ్, టిఫిన్ హోటల్ పెట్టాను. నా గిరాకీ అంతా క్యాబ్ డ్రైవర్లే. విమానం దిగేవాళ్ల కోసం పొద్దంతా కాచుకుని ఉంటారు. టీవీలో సినిమా నడిస్తే కూర్చుంటారు, ఇంకో చాయ్ చెబుతారు. లేకపోతే లేచిపోతారు. ఎదురు హోటల్ వాడు దొంగ సినిమాలు ఫోన్లో దింపి గోడ మీద వేసేవాడు, అదీ మొన్న మొన్న వచ్చినవి. నేను మాత్రం సినిమా కంపెనీకి ఏడాది డబ్బు ముందే కట్టి లైసెన్సు తీసుకున్నాను. టీవీకి తగిలించే పాత సినిమాల డబ్బా ఒకటి, లైసెన్సు కాగితం ఒకటి ఇచ్చారు. నాకు నా పేరు రాయడం తప్ప చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని అట్టకు అంటించి మా ఆయన ఫోటో పక్కనే పెట్టాను.

దసరాకు మేము పనిముట్లకు పూజ చేస్తాం. పొయ్యికి, గ్రైండరుకు, టీవీకి పసుపు కుంకుమ పెట్టాను. కాగితం కూడా అన్నం పెట్టేదే కదా! నా నుదుటికి లేని బొట్టు దానికి పెట్టాను. మూలన నల్లగా చదరం ముద్ర ఉంటే, పెట్టే చోటు అదేననుకున్నాను.

పండుగ వెళ్లిన వారానికి కంపెనీ వాళ్లు ఇద్దరు దిగారు. మెడలో కార్డులు, కాళ్లకు బూట్లు. ఒకడు కాగితం ముందు ఫోన్ పెట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"కోడ్ మీద బొట్టుంది, ఫోన్ పట్టడం లేదమ్మా. లైసెన్సు చెల్లదు."

"కింద నంబరు ఉన్నది గద సార్, అది చూడున్రి."

చూశాడు. నంబరు సరిగ్గానే ఉంది, పేరూ నాదే. అయినా రూలు రూలేనని ఫోన్లోనే ఏదో నొక్కాడు. నా టీవీ నల్లబడింది. నడుస్తున్న పాట మధ్యలో ఆగిపోతే డ్రైవర్లంతా నా వైపు చూశారు. దొంగతనం చేస్తూ దొరికినదాన్ని చూసినట్టు.

"మరి ఎదురుంగ ఆయన్నెందుకు అడుగరు?" అన్నాను.

"ఆయన మా కస్టమర్ కాదమ్మా. మా రికార్డులో లేడు."

విన్నారా? డబ్బు కట్టి పేరు రాయించుకున్నందుకు నేను వాళ్లకు దొరికాను. కట్టనివాడు వాళ్ల కళ్లకు కనిపించడు!

డబ్బా మళ్లీ తెరవాలంటే ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. ఒక డ్రైవరుకు ఇచ్చి చదవమన్నాను.

"అమ్మా, లైసెన్సును నువ్వు కావాలనే చెడగొట్టినవంట, ఇంకోపారి గట్ల జెయ్యనని రాసిన్రు."

"బొట్టు పెడితే చెడగొట్టినట్టా? దేవునికి పెడితే దేవుడు చెడిపోతడా?"

డ్రైవర్లు నవ్వారు. ఆ పెద్దమనుషులు నవ్వలేదు. "సంతకం పెడితే అయిపోతుంది కదమ్మా," అన్నాడు రెండోవాడు, పిల్లకు బిస్కెట్ చూపించినట్టు.

నేను రాయగలిగిందల్లా నా పేరు. అది మా ఆయన చెయ్యి పట్టి నేర్పింది. దాన్ని ఆ అబద్ధం కింద రాయను. "తీస్కపోన్రి," అని కాగితం తిరిగి ఇచ్చేశాను.

వాళ్లు రోడ్డు దాటారు. ఎదురు హోటల్లో చాయ్ తీసుకుని గోడ మీది దొంగ సినిమాను నిలబడి చూశారు. ఫైటు అయిపోయేదాకా కదల్లేదు. సిగ్గు అనేది వీళ్లకు జీతంతో పాటు ఇవ్వరేమో.

"అమ్మా, నువ్వు గూడ ఫోన్ల దింపి పెట్టరాదు," అన్నాడు ఆ డ్రైవరు. పెట్టలేదు. గిరాకీ సగం ఎదురు హోటల్‌కు పోయింది. మిగిలిన సగం నా దోశ కోసం వస్తుంది.

ఏడాది గడువు తీరేదాకా డబ్బా మూసే ఉంది. గడువు తీరిన మర్నాడే కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో తేనె కారుతోంది. "మేడమ్, మీరు మాకు ఎంతో విలువైన కస్టమర్. లైసెన్సు మళ్లీ తీసుకుంటారా?"

"తీస్కుంటగని బిడ్డా, బొట్టు యాడ పెట్టాల్నో ముందుగాల మీ సార్లనడిగి చెప్పు."

"అర్థం కాలేదు మేడమ్..."

"వాళ్లకైతది," అని ఫోన్ పెట్టేశాను.

మొన్న దసరా మళ్లీ వచ్చింది. ఆ చెల్లని కాగితానికి, అదే చదరం మీద, ఈసారి చూసి మరీ, పెద్ద బొట్టు పెట్టాను.