వాలుగ దవడా, నాలుగు ఈకగాలం పుస్తకాలూ

ఈకగాలంతో చేపలు పట్టడం మీద మంచి పుస్తకాలేవో చెప్పమని ఎవరైనా అడిగితే చెప్పే అర్హత నాకుంది. నాలుగు చదివాను. అటు విజయనగరం నుంచి ఇటు పాతపట్నం దాకా గాలించినా నాలుగూ చదివినవాడు ఇంకొకడు దొరకడు. కాబట్టి ఈ విషయంలో పండితుణ్ణి నేనే, మీరు నమ్మక తప్పదు.

ఈకగాలం అంటే ఏమిటో ముందు చెప్పాలి. మనవాళ్ళు గాలానికి వానపామునో పిండిముద్దనో గుచ్చి, నీళ్ళలో పడేసి, బీడీ ముట్టించుకుని కూచుంటారు. దొరలకి అది నామోషీ. వాళ్ళు గాలానికి కోడీకలూ దారమూ చుట్టి పురుగులా తయారుచేస్తారు. పొడుగాటి బద్దతో దాన్ని గాలిలో ఊపి ఊపి, నిజంగా పురుగే వాలిందని చేప అనుకునేంత మెత్తగా నీటి మీదకి వదులుతారు. ఒక చేపని మోసం చెయ్యడానికి ఇంత చదువు కావాలా అని మీకనిపిస్తే ఈ పుస్తకాల జోలికి పోకండి.

అరవయ్యో దశకం చివర్లో నేను ఆమదాలవలసలో ఒక చిన్న లైబ్రరీకి గుమాస్తాని. మిషనాసుపత్రిలో పనిచేసిన డాక్టరు దొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ పెట్టెడు పుస్తకాలు వదిలేశాడు. బైబిళ్ళు చర్చివాళ్ళు తీసుకున్నారు. వైద్యం పుస్తకాలు కాంపౌండరు పట్టుకుపోయాడు. మిగిలిన నాలుగూ ఎవరికీ అక్కర్లేక మా బీరువాలోకి వచ్చాయి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, బీయే తప్పాను, ఇంగ్లీషు మాత్రం బ్రహ్మాండంగా వచ్చని గట్టి నమ్మకం. మధ్యాహ్నాలు లైబ్రరీలో నేనూ, ఫ్యానూ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఫ్యాను తిరిగేది కాదు. అందుకని చదివాను.

మొదటిది ఎర్రట్ట పుస్తకం. రాసినాయన పింఛను పుచ్చుకున్న మిలిటరీ దొర. మూడొందల పేజీల్లో వంద పేజీలు బట్టల గురించే. ఏటికి వెళ్ళేటప్పుడు ఏ రంగు కోటు వెయ్యాలి, టోపీ అంచు ఎంత వెడల్పుండాలి, మేజోళ్ళు ఉన్నివా కావా. గోచీ పెట్టుకుని నాగావళిలో దిగే మన జనానికి ఇది బొత్తిగా పనికిరాదు. దర్జీలు చదువుకోవచ్చు.

రెండోది రంగుబొమ్మలది, ఈకలు ఎలా కట్టాలో చెబుతుంది. చూడ్డానికి ముచ్చటేస్తుంది. అయితే ఒక్కో పురుగుకి కావలసిన ఈకలు మన వైపు లేని పిట్టలవి. వాటి పేర్లకి నిఘంటువు తీసి చూస్తే "ఒక జాతి పక్షి" అని ఉంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు. ఆ నిఘంటువు రాసినాయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

మూడోది భక్తి పుస్తకం అనాలి. రచయిత ఏటి ఒడ్డున నిలబడి దేవుణ్ణీ, చిన్నప్పటి ప్రియురాలినీ, మరణాన్నీ తలుచుకుంటాడు. చేపని మాత్రం పట్టడు. పట్టకపోవడంలోనే గొప్పదనమంతా ఉందంటాడు. రోజూ పేపరు కోసం వచ్చే రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఏదైనా మంచి పుస్తకం చెప్పమంటే, నా పాండిత్యం ఒలకబోసి, ఇది అంటగట్టాను. వారం రోజులకి తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఏటి బాబూ, నూటయాభై పేజీలు సదివినాను. సేప ఎప్పుడు పడతాది, కూరెప్పుడు వండుతారు?"

"వండరండి. అది తత్వం."

"తత్వానికి అంత పెద్ద బద్దెందుకు?" అని పేపరు తీసుకుని కూచున్నాడు.

నాలుగోదానికి అట్ట లేదు. మొదటి పది పేజీలూ లేవు, కాబట్టి రాసిందెవరో తెలీదు. ఇదే మంచి పుస్తకం. మీరు ఒకటే చదివేట్టయితే ఇలాంటిది వెతుక్కుని చదవండి. చేప ఎక్కడ నిలబడుతుంది, అక్కడే ఎందుకు నిలబడుతుంది, నీ నీడ ఎటు పడాలి, నువ్వు ఎప్పుడు నోరు మూసుకోవాలి. ఇంతే ఉంటుంది. రాసినవాడికి తన గురించి చెప్పుకోవాలనే యావ లేదు. నన్ను ముంచింది కూడా ఈ పుస్తకమే.

పొందూరులో మా మేనత్త ఉండేది. పెళ్ళయిన నాలుగేళ్ళకే మావయ్య పోయాడు, పిల్లలు లేరు. సన్ననూలు వడికి బతికేది. అక్కడివాళ్ళు పత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి దువ్వెనకన్నా సన్నగా, వరసలు వరసలుగా పళ్ళుంటాయి. అవి చెత్తంతా లాగేసి పోగుల్ని చక్కగా సాపు చేస్తాయి. ఇనపదీ కర్రదీ ఏదీ ఆ పని చెయ్యలేదు. దవడ బాగుంటే నూలు సన్నం. దవడ పోతే ముతక, ముతక నూలుకి అత్తలాంటి పనిమంతురాలు అక్కర్లేదు, ఎవరైనా వడుకుతారు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి అత్త గుమ్మంలో కూచుని ఉంది. చేతిలో దవడ ఉంది, పత్తి బుట్టలోనే ఉంది.

"ఏటత్తా, అలగున్నావు?"

"దవడ అయిపోనాదిరా. మా అత్త ఇచ్చింది. పళ్ళన్నీ అరిగిపోనాయి, సూడు, ఏలు పెట్టి రాసినా గుచ్చుకోడం నేదు."

"కొత్తది కొనుక్కో."

"గోదారి కాణ్ణించి తెచ్చీవోడు వచ్చి రెండేళ్ళు దాటిపోనాది. ఎక్కడ కొంటాను?"

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నాలుగో పుస్తకంలో ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను కూడా.

"నేను తెత్తానత్తా. నాగావళిలో వాలుగ లేదేటి? పట్టుకొచ్చెత్తాను. నాలుగు పుస్తకాలు సదివినాను."

"పుస్తకాలు సదివితే సేపలు పడతాయేటిరా?"

"దొరలకి పడతన్నాయి గదా."

అత్త నవ్వింది గానీ నమ్మింది. మా ఇంటావంటా ఇంగ్లీషు పుస్తకం మొదట్నించీ చివరిదాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. ఆవిడకి చదువు రాదు. చదువుకున్నవాడు అబద్ధం చెప్పడని ఆవిడ అనుకునేది. ఇన్నేళ్ళు లైబ్రరీలో పనిచేసినవాణ్ణి, అది ఎంత తప్పో నాకు తెలుసు.

సామగ్రి కూర్చాను. వెదురు బద్ద కోసి చీల్చి నున్నగా చేశాను. గాలాలు శ్రీకాకుళం బజార్లో కొన్నాను. ఆమదాలవలస మిలిటరీ హోటలు వెనక తెల్లకోడి ఈకలు ఏరుకున్నాను. అవి గాలానికి చుట్టడానికి అత్త వడికిన నూలుకే మైనం రాసి వాడాను. వాలుగ పురుగుల్ని లెక్కచెయ్యదు, చిన్న చేపల్ని మింగుతుంది. అందుకని నా ఈకల్ని చిన్న చేపలా కట్టాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంత తెలివి. అప్పటికే కళ్ళు నెత్తికెక్కాయి.

దూసి దగ్గర రైలు వంతెన కింద ఒక మడుగుండేది. ఆదివారాలు సైకిలేసుకుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. మొదటి నెల గాలం నీళ్ళలో తప్ప అన్నిచోట్లా పడింది. తుమ్మచెట్టుకి తగులుకుంది, నా చొక్కాకి తగులుకుంది, ఒకసారి ఎవరిదో గేదె చెవికి తగులుకుంటే ఆ గేదె నన్ను అరమైలు లాక్కుపోయింది. అక్కడ వలేసే పెద్దాయన ఒకడు ఇదంతా చూస్తూ ఉండేవాడు.

"ఏటి బాబూ, ఈగల్ని తోలతన్నావేటి?"

"వాలుగ కోసం మావా. మా అత్తకి దవడ కావాల."

"దవడకా? దానికి ఈకలెందుకు? నేను రోజూ వలేత్తన్నాను గదా. ఎప్పుడో ఒకటి పడతాది. పడిన్నాడు తలకాయ నీకిచ్చెత్తాను, పట్టుకుపో."

"వద్దు మావా. నేనే పడతాను."

ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్పమంటే సిగ్గేస్తుంది. వలతో పట్టడం మోటు పనని ఎర్రట్ట దొర రాశాడు. నాగావళి ఒడ్డున చెప్పుల్లేకుండా నిలబడి నేను ఆ దొర పరువు కాపాడాను. పెద్దాయన ఏమీ అనుకోలేదు, నీ ఇష్టమని వల సర్దుకున్నాడు.

దసరాల్లో గోదావరి వ్యాపారి వచ్చాడట. మూడేళ్ళ తర్వాత రావడం, తెచ్చినవి తక్కువ, పొందూరులో ఆడవాళ్ళంతా మూగారు. అత్త వంతుకి ఒకటి మిగిలింది, మంచిది, పెద్దది. ఎదురింటావిడ దవడ కూడా అరిగిపోయి ఉంది. "నువ్వు తీసుకోయే, నాకు మావోడు తెత్తన్నాడు" అని అత్త ఆ ఒక్కటీ ఆవిడకి వదిలేసింది. తర్వాత వెళ్ళినప్పుడు ఈ మాట నాతో గర్వంగా చెప్పింది. విని నాకు భయం వెయ్యాలి కదా? వెయ్యలేదు. పొంగిపోయాను.

కార్తీకంలో నీళ్ళు తేటపడ్డాయి. ఒక ఆదివారం పొద్దున్న, నాలుగో పుస్తకం చెప్పినట్టే, సూర్యుడికి ఎదురుగా నిలబడి, వంతెన స్తంభం నీడ అంచున ఈక వదిలాను. మెల్లగా లాగుతున్నాను. నీళ్ళు ఒక్కసారి తిరగబడినట్టయ్యాయి. బద్ద వంగి, వంగి, విరిగింది. దారం చేతికి చుట్టుకుని మొలలోతు నీళ్ళలోకి దిగిపోయాను. అరిచానో ఏడిచానో తెలీదు. ఒడ్డుకి లాగి చూస్తే నా చెయ్యంత వాలుగ. నిజంగానే చెయ్యంత. ఈ రకం పుస్తకాలు రాసేవాళ్ళందరూ చేప పొడుగు దగ్గర అబద్ధాలాడతారు, నేను ఆడటం లేదు.

నాలుగో పుస్తకంలో చివరి పేజీ ఒకటుంది. చేపని ఒడ్డున కొట్టుకు కొట్టుకు చావనివ్వడం మర్యాద కాదు, పట్టగానే తల మీద గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి బాధ తప్పించాలి అని. పుస్తకం అంతవరకూ ఒక్క మాటైనా తప్పు చెప్పలేదు. నేను రాయి తీసుకున్నాను. దొరల చేప ఒక దెబ్బకి పోతుందేమో, వాలుగ పోలేదు. ఇంకో మూడు కొట్టాను. తర్వాత గోనెలో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని, పొందూరు దాకా ఈలేసుకుంటూ తొక్కాను.

అత్త గోనె విప్పి చేపని చూసి నా తల నిమిరింది. తర్వాత పీట మీద కూచుని, దాని నోరు తెరిచి, వేళ్ళతో లోపల తడిమింది. చాలాసేపు తడిమింది. వేళ్ళు బయటికి తీసేసరికి వాటికి సన్నటి పళ్ళు అంటుకుని ఉన్నాయి, బియ్యపు నూకలా. దవడ మధ్యకి విరిగి, అంచంతా చితికిపోయింది.

"దేంతో కొట్టినావురా?"

"రాయితో."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

"ఎందుకు?"

"సేపకి బాధ తెలవకుండా అత్తా. పుస్తకంలో ఉన్నాది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మరి నాకు తెలీదేటిరా బాధ?" అంది.

అత్త లేచి, కత్తిపీట నా ముందు పెట్టి, "ఉల్లిపాయలు కొయ్యి. పులుసెట్టెత్తాను" అంది. పులుసు బాగుంది. ఆవిడ చూస్తోందని మొత్తం తిన్నాను.

మర్నాడే సెలవు పెట్టి వంతెన దగ్గరికి పరుగెత్తాను. వలేసే పెద్దాయన నన్ను చూసి, "మొన్న లచ్చివారం ఒకటి పడ్డాది బాబూ, నిన్న నువ్వు పట్టినావంట, దానికన్నా పెద్దది. తలకాయ ఎవులో పులుసుకని పట్టికెళ్ళిపోనారు. నువ్వొద్దన్నావు గదా" అన్నాడు. మళ్ళీ పడితే ఉంచమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఉంచుతానన్నాడు. మళ్ళీ ఒక్కటీ పడలేదు, ఆ ఎండాకాలం ఏరు ఎండిపోయి మడుగులో వేలెడేసి పరిగి చేపలు తప్ప ఏమీ మిగల్లేదు.

అత్త ఎవరి దగ్గరా ఉప్పురాయి కూడా చేబదులడిగే మనిషి కాదు. అలాంటిది, ఆ ఏడాదంతా రోజూ పొద్దున్నే పత్తిబుట్ట పట్టుకుని ఎదురింటి అరుగు మీదకి వెళ్ళేది. ఎదురింటావిడ దువ్వుకోవడం అయ్యేదాకా కూచుని, అయ్యాక ఆవిడ దవడ తీసుకుని తన పత్తి దువ్వుకునేది. ఒకసారి సైకిలు దిగుతూ వాళ్ళ మాటలు విన్నాను. వాళ్ళు నన్ను చూడలేదు.

"ఎంతుంటాదే మీవోడు పట్టిన సేప?" అని ఎదురింటావిడ అడిగింది.

అత్త రెండు చేతులూ బారచాపింది. "ఇంతున్నాది."

"మరి దాని దవడేదే?"

"ఉన్నాది. ఆరబెట్టినాను. పెద్ద సేప గదా, వేగిరం ఆరదు."

నేను సైకిలు వెనక్కి తిప్పేశాను. అంత సిగ్గు నాకు జీవితంలో మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

మరుసటి దసరాలకి గోదావరి వ్యాపారి వచ్చాడు. సంచి దించింది ఎదురింటి అరుగు మీదే. అత్త బేరమాడింది, ఏరి ఒకటి కొనుక్కుంది, ఎదురింటావిడ పక్కనే కూచుని అంతా చూసింది. నేనూ అక్కడే ఉన్నాను. వ్యాపారి అలా వీధి మలుపు తిరిగాడో లేదో, అత్త ఆ దవడని అరచేతిలో పెట్టుకుని ఆవిడకి చూపించింది.

"సూడు, మావోడి సేపదే. ఆరింది."

ఎదురింటావిడ దాన్ని అందుకుని, వెలుతురుకి పెట్టి, పళ్ళ మీద వేలు రాసి చూసింది. నా వైపు ఒకసారి చూసింది.

"బాగా ఆరినాదమ్మా" అని అత్త చేతిలో పెట్టింది.