రామచంద్రం కండువా, కండె కన్ను

సిరిసిల్ల చరిత్రను ఎవరైనా పూనుకొని రాస్తే, రామచంద్రం కండువా కొసకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య, ఎవరి కంట్లో నూలు పీచు పడినా, ఆయన కండువా కొసను ఉండలా చుట్టి, నోటి ఆవిరితో వెచ్చజేసి, మూసిన రెప్పపై అద్దుతాడు. నలుసు వస్తుంది. రాకపోయినా కాసేపటికి నొప్పి తగ్గుతుంది. ఆ ఘనతా కండువాకే. ఆ వాడలో ఈ వైద్యం పొందని కన్ను లేదు. కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినవాణ్ని కూడా వదల్లేదు.

అందుకే, ఓ పొద్దున కండె ఎడమకన్ను చికిలించి, నీరు కారుస్తూ, కాలితో ముఖం రుద్దుకుంటూ సాంచె కిందినుంచి రాగానే నిర్ణయం జరిగిపోయింది. కండె రామచంద్రం ఇంటి పిల్లి. గంజి పట్టిన పోగుల్ని ఎలుకలు కొరక్కుండా అదే కాపలా.

"పీచు వడ్డది," అన్నాడు రామచంద్రం.

"నీకు అందరి కండ్లల్ల పీచే కనవడ్తది," అంది భార్య శంకరవ్వ. "నిన్న గోడ మీద గా పక్కింటి పిల్లితోని కొట్లాడింది. గోరు తాకిందేమో."

"ఇన్నేండ్ల నా అనుభవం ముంగట నీ 'ఏమో' ఎంత?"

కండువా పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మరోసారి ప్రయోగించబడింది. మర్నాటికి రెప్ప వాచింది. సందులోంచి కనిపించిన నల్లగుడ్డు మీద మంచు పట్టినట్టు మసక. రామచంద్రం చలించలేదు. తన కంటిపొర ఆపరేషన్‌లో మిగిలిన చుక్కల సీసా కిటికీ గూట్లోంచి తీశాడు.

శంకరవ్వ సీసా గుంజుకుంది. "దాని కన్ను వోతే నీది ఇస్తవా? నడువు దవాఖానకు!"

పిల్లిని గంపలో పెట్టి, మీద ఆయన కండువానే కట్టింది.

పశువుల దవాఖానలో రెండు బర్రెల తర్వాత వాళ్ల వంతు వచ్చింది. కండువా వైద్యం సంగతి శంకరవ్వ చెబుతుంటే వింటూ, డాక్టర్ అలేఖ్య పిల్లి కంట్లో రంగు చుక్క వేసి నీలి లైటు కొట్టింది. నల్లగుడ్డు మీద ఒక గీత పచ్చగా మెరిసింది.

"గోరు గీసుకుంది తాతా. నలుసు లేదు. అద్దీ అద్దీ పుండు పెద్దగ చేసిండ్రు."

రామచంద్రం తన సీసా చూపించాడు.

"గీ మందు పుండు మీద వేస్తే కన్నుకు చిల్లు వడ్తుండె. మనుషుల మందులు దానికి ముట్టియ్యొద్దు. పిల్లి ఒక కన్ను మూసుకొని నీళ్లు కారుస్తే ఆ రోజే తీస్కరావాలె."

"కన్ను దక్కుతదా మేడం?" ఆయన గొంతు చిన్నదైంది.

"టైముకు చుక్కలు వేస్తే దక్కుతది. మెడకు కడ్తున్న గీ ప్లాస్టిక్ గరాటా మాత్రం తియ్యొద్దు, లేకుంటే మళ్ల గోక్కుంటది."

చుక్కల బాధ్యత స్వయంగా స్వీకరిస్తున్నట్టు రామచంద్రం దారి పొడవునా ప్రకటించాడు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కొని, డాక్టర్ ఇచ్చిన సీసా పట్టుకొని, పీట మీద కూర్చున్నాడు. ఆయన చెయ్యి ముఖం దగ్గరికి రావడంతోనే కండె గరాటాతో సహా మంచం కిందికి పోయింది.

కన్ను నయమైంది. చుక్కలన్నీ శంకరవ్వే వేసింది.