నుదుటి మీద నూనె, రేకులో బుడగలు

విమానం రేకులు అతికించే పని నాది అంటే మా ఊళ్లో ఇప్పటికీ సగం మంది నమ్మరు. మాది పొదిలి దగ్గర పల్లె. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఫిట్టర్ చేశాను, అంతకు మించి చదువు లేదు. మంగళగిరి పక్కన ఒక చిన్న ఫ్యాక్టరీలో పని. విమానం తలుపుల లోపలి భాగాలు మా దగ్గర తయారవుతాయి. పల్చటి అల్యూమినియం రేకులు రెండు పక్కపక్కన పెట్టి లేజర్‌తో కరిగించి ఒకటి చేస్తాం. రివెట్లు కొడితే వాటి బరువు కూడా విమానమే మోయాలి కదా, అందుకని ఈ పద్ధతి. లేజర్ ఉన్న గదిలోకి మనం వెళ్లం. తలుపు మూసి, బయట తెర మీద చూస్తూ నడుపుతాం.

అసలు కష్టమంతా ఆ తలుపు మూయక ముందే. అల్యూమినియం ఊరికే అలిగే పిల్ల లాంటిది. కాస్త చెమట తగిలినా, నూనె తగిలినా కరిగేటప్పుడు లోపల బుడగలు పుట్టిస్తుంది. పైకి చూస్తే అతుకు వెండి గొలుసులా మెరుస్తుంది. ఎక్స్‌రే తీస్తే గానీ లోపలి నల్లచుక్కలు బయటపడవు. అందుకే రేకు అంచుల్ని ముందు అసిటోన్‌తో తుడిచి, స్టీలు బ్రష్‌తో రుద్ది, తెల్ల గ్లోవులు వేసుకుని బిగించాలి. తలకి నూనె, మొహానికి క్రీము రాసుకుని రావద్దని గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

రెండేళ్లు నేను ఆ తుడిచే బల్ల దగ్గరే ఉన్నాను. లేజర్ నడపాలంటే పరీక్ష నెగ్గాలి. మూడు జతల రేకులు మనమే తుడిచి, బిగించి, అతికించాలి. మూడూ ఎక్స్‌రేలో శుభ్రంగా రావాలి. తప్పితే ఇంకొక్కసారి రాయనిస్తారు. అదీ పోతే మళ్లీ బల్ల దగ్గరికే.

పరీక్ష అని ఫోన్లో చెప్పడమే ఆలస్యం, మా అమ్మ బస్సెక్కి నా గదికి వచ్చేసింది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది అమ్మ, ఆ పని మానుకుని మరీ వచ్చింది. సంచిలో రెండు రకాల పచ్చళ్లు, మా చర్చి అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె సీసా. మా ఇంట్లో జ్వరానికీ, పరీక్షకీ, కొత్త బర్రెకీ ఆ నూనే.

పరీక్ష రోజు ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. సీసా మూత తీసి, బొటనవేలు ముంచి, నా నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. ఆ తర్వాత రోడ్డు మీదే కళ్లు మూసుకుని నా చేతుల కోసం, మిషను కోసం, కరెంటు పోకుండా ఉండటం కోసం గట్టిగా ప్రార్థన చేసింది. గేటు దగ్గర వాచ్‌మన్ టోపీ తీసి నిలబడ్డాడు.

లోపలికి వెళ్లగానే తుడిచేయాలని నాకు తెలుసు. కానీ ప్రార్థన చేసిన నూనె తుడిచేస్తే ఏమవుతుందోనని భయం వేసింది. టోపీ కాస్త కిందికి లాక్కుని పనిలోకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నానికి ఎక్స్‌రే ఫిల్ములు వచ్చాయి. మొదటి రెండు జతలూ బాగున్నాయి. మూడో దాంట్లో గసగసాలు చల్లినట్టు నల్లచుక్కలు. పరీక్ష పెట్టిన మా సార్ ఆ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, గ్యాస్ పైపులో తడి చేరి ఉంటుందన్నారు. అతుక్కి గాలి తగలకుండా మేం ఆర్గాన్ గ్యాస్ వదులుతాం. ఆ పైపుల్ని చూసుకునేది చీరాల నుంచి వచ్చిన ఒక అన్న. మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, ముడి వేసినా మర బిగించినా వదులుండదు. ఆ పొద్దునే కొత్త పైపు బిగించాడు. పాపం, మొత్తం విప్పి ఆరబెట్టడం మొదలుపెట్టాడు.

నేను గ్లోవులు తీస్తుంటే వేళ్ల దగ్గర కొబ్బరినూనె వాసన. మూడో జత బిగించేటప్పుడు చెమట పట్టి నుదురు తుడుచుకున్నది అప్పుడు గుర్తొచ్చింది. ఊరుకుంటే తప్పు పైపు మీదికి పోతుంది, పరీక్ష లెక్కలోకి రాదు, నాకు రెండు అవకాశాలూ అలాగే ఉంటాయి. అవతల అన్న ఒక్కో మరా విప్పి, ఊది, తుడుస్తున్నాడు.

"సార్, పైపు తప్పు కాదండి," అన్నాను. "నా నుదుటి మీద నూనె ఉంది. గ్లోవుతో తుడుచుకున్నాను."

"గోడ మీద రాసింది చదవడం రాదా?"

"వచ్చండి."

"మరి?"

"మా అమ్మ ప్రార్థన చేసి పెట్టిందండి. తుడవబుద్ధి కాలేదు."

సార్ కంటే ముందు అన్నే అందుకున్నాడు. "పసిబిడ్డకి నీళ్లోసి ఆరబెట్టినట్టు ఆరబెడతన్నాను గదమ్మా ఇందాకట్నించీ. కాస్త ముందు చెప్తే నీ సొమ్మేం పోయింది?"

అలా అన్నాడే గానీ, సార్ దగ్గరికి వెళ్లి, పిల్ల తనంతట తనే చెప్పింది కదా అని నా తరఫున మాట్లాడిందీ ఆయనే. సార్ పరీక్ష పోయినట్టే రాశారు. మిగిలిన ఒక్క అవకాశం వారం తర్వాత ఇస్తామన్నారు.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. నా నోరు ఆగదు కదా, గదిలో చెప్పులు విడవక ముందే చెప్పేశాను. అమ్మ నూనె సీసా తీసి సంచి అడుక్కి తోసింది. చాలాసేపు ఆ సంచి జిప్పు పట్టుకునే కూర్చుంది.

"నా వల్లే పోయిందన్నమాట."

"నీ వల్ల కాదులేమ్మా. తుడుచుకోవాల్సింది నేను."

"నాకేం తెలుసే, రేకు అంత సుకుమారం అని?" అంది. కాసేపటికి తనే, "నూనె లేకపోతే దేవుడికి వినపడదా ఏంది, వినపడుద్దిలే," అంది. కానీ ఆ మాటలో అంత ధీమా లేదు.

ఆ వారమంతా నా గదిలోనే ఉండిపోయింది. అన్న భోజనాల టైములో పాత ముక్కలు ఇచ్చి నా చేత పదే పదే బిగింపించాడు. నా చెయ్యి మొహం వైపు లేస్తే చాలు, స్పానరుతో బల్ల మీద టక్‌మని కొట్టేవాడు.

రెండోసారి పరీక్ష రోజు అమ్మ పొద్దున్నే మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంది. గేటు దగ్గర నాకు రెండు బారల దూరంలో ఆగిపోయింది. అలవాటుగా చెయ్యి ముందుకొస్తే రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది. చేతులు వీపు వెనక కట్టుకునే ప్రార్థన చేసింది. ఈసారి అన్న పైపుల కోసం కూడా చేసింది.

ఫిల్ములు వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. సార్ మూడూ వరసగా పెట్టి చూశారు, మళ్లీ మొదటి నుంచి చూశారు. ఒక్క చుక్క లేదు. కాగితం మీద సంతకం పెట్టి, సోమవారం నుంచి లేజర్ దగ్గరికి రమ్మన్నారు. అన్న నా తలమీద టోపీ కళ్ల దాకా లాగి వెళ్లిపోయాడు.

నేను గేటు దాకా పరిగెత్తాను. అమ్మ పొద్దున ఎక్కడ నిలబడిందో దాదాపు అక్కడే, వాచ్‌మన్ ఇచ్చిన స్టూలు మీద కూర్చుని ఉంది. నా మొహం చూసి లేచింది. రెండు అడుగులు వేసి ఆగిపోయింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అంది.