ఇంట్లో పిల్లి లేదు సార్

నాలుగేండ్లుగా ఈ మాట నా గొంతుకాడే ఉండాది. మింగేకీ కాదు, కక్కేకీ కాదు. నేను శానా మాట్లాడే మనిషిని, బస్సులో పక్కన కూర్చున్నోళ్ళకు కూడా మా ఇంటి కథంతా చెప్తా. ఇదొక్కటి తప్ప.

మాది పెనుకొండ పక్క పల్లె. పట్టుపురుగులు మేపుతాం. షెడ్డులోకి ఎలుకలు రాకుండా నేనే ఒక పిల్లిని తెచ్చింటి. దాని ఒంటినిండా ఎగిరి దుంకే సన్న పురుగులు. ధర్మవరం నుంచి కొత్తగా కాపురానికొచ్చిన మా వదిన కాళ్ళు గోక్కుంటా, "పాపా, నీ పిల్లి ఎలుకల్ని ఇడిసి నన్ను తినేట్లుండాదే" అని నవ్వేది.

కొన్నాళ్ళకే ఆమెకు జ్వరం. పెనుకొండ డాక్టరు దగ్గరికి నేనే పిల్చుకోని పోయినా.

"ఇంట్లో ఎలుకలు, పిల్లులు ఉండాయామ్మా?"

"లేవు సార్."

"పురుగులేమన్నా కుట్టినాయా?"

"ఏమీ కుట్టలేదు సార్."

వదిన బయట బెంచీ మీద పండుకోనుండాది. ఎందుకు చెప్పినా అబద్ధం? అంతకుముందు పక్కింట్లో దోమల మందు కొడితే వాళ్ళ పట్టుపురుగులన్నీ చచ్చిపోయినాయి. మావి ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టేవి. పిల్లి, దాని మీద పురుగులు ఉండాయంటే ఆస్పత్రోళ్ళు వచ్చి మా ఇంట్లోనూ మందు కొడతారని భయం. అంతేనా? పిల్లిని తెచ్చింది నువ్వే కదా అని అన్న తిడతాడని కూడా. ఏ భయం ముందొచ్చిందో, ఇన్నిసార్లు తిరగేసినా తేల్చుకోలేకుండా ఉండా.

ఆయన మామూలు జ్వరం మాత్రలిచ్చినాడు. పదో రోజుకు వదినకు తెలివి తప్పింది. హిందూపురంలో చేర్చినాం. ఆడ డాక్టరమ్మ రక్తం చూసి, పిల్లుల మీద, ఎలుకల మీద ఉండే పురుగు కుట్టి వచ్చే జ్వరం ఇది అనింది. మొదట్లోనే తెలిసింటే మాత్రలతోనే పోయేదంట. శానా అరుదుగా, ఆ రోగాన్ని చంపాల్సిన కణాలే తిక్కబట్టి మన రక్తాన్నే తింటాయంట. వదినకు అదే అయింది.

బతికింది. ఎడమ చెవి పోయింది.

ఆ పట్టుగూళ్ళ పంట మాత్రం బాగా వచ్చింది.

నేను రక్తమిచ్చినానని, "మా ఆడబిడ్డే నన్ను బతికించింది" అని వదిన కనపడినోళ్ళకంతా చెప్తాది. ఆ మాట విన్నప్పుడల్లా లేసి షెడ్డులోకి పోతా. ఆకు వేసేదుంటే వేస్తా, వేసిందాన్నే మళ్ళా సర్దుతా.

మొన్న గూళ్ళు ఏరుతాంటే ఆమె పక్కన కూర్చోని మెల్లగా అంతా చెప్పేస్తి. ఆమె తల తిప్పి, "ఏమంటివి పాపా?" అనింది.

"ఏం లేదు వదినా."

ఎడమ పక్కనే ఎందుకు కూర్చుంటి? తెలిసే కూర్చుంటి.

మీకైతే ముందర కూర్చోని చెప్తాండా. పిల్లి ఉన్నింది. లేదన్నది నేను.