మళ్ళీ పద్మవ్యూహంలోకి

నాయన ఆ కుర్రవాణ్ణి మళ్ళీ పద్మవ్యూహంలోకి పంపుతున్నాడని విన్నప్పుడు, వేరుశెనక్కాయలు ఒలుస్తున్న నా చేయి ఆగిపోయింది. ఆ కుర్రవాడు నిన్ననే చనిపోయాడు. ఇదే అరుగు మీద, ఇదే గొంతుతో, నాయనే ఆ కథ ముగించాడు.

నాయన సంస్కృతం పంతులుగా రిటైరయ్యాడు. ఎదురింటి సాబు ఉర్దూ పంతులు. ఫారసీ ఆయన తన నాయన దగ్గర నేర్చుకున్నారు. పాదుషా కొలువులో మన ఇతిహాసాన్ని ఫారసీలోకి ఎలా మార్చారో వీళ్ళిద్దరికీ చెప్పింది నేనే, ఎం.ఏ. చరిత్ర చదివేటప్పుడు. పండితులు శ్లోకం చదివి, అర్థం అందరికీ తెలిసిన భాషలో చెప్పేవారట. ఫారసీ వచ్చినవాళ్ళు విని రాసేవారట. వీళ్ళ భాష వాళ్ళకు రాదు, వాళ్ళది వీళ్ళకు రాదు. నడుమ నోటిమాటే ఆధారం.

"మనమూ చేద్దాం పట్టు సాబూ," అన్నాడు నాయన. కళ్యాణదుర్గంలో ఫారసీ ఎవరు చదువుతారని నేను నవ్వాను. ఇద్దరూ పట్టించుకోలేదు. నాయన తెలుగులో చెప్పడం, సాబు రాయడం. వాన జాడలేని సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి.

"ఏమప్పా, కలం ఆగిపోయె? నిద్దరొస్తాందా?" నాయన గద్దించాడు.

సాబు నా వైపు చూశారు. "చెయ్యి నొప్పిలేప్పా. చెప్పు, రాస్తాండా."

"నీ చేతికన్నా నా గొంతే నయం."

సాబు అంతా రాశారు. కుర్రవాడు మళ్ళీ చనిపోయాడు. నాయన నిన్నటిలాగే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

సాబు ఇంటికి పోతుంటే వెంట వెళ్ళాను. "నిన్న చెప్పిందే కదా మామా. ఎందుకు రాసినారు?"

"నిన్నొక్క దినమా తల్లీ? ఉగాది నుంచీ ఇంతే. మొన్నొక తూరి ఆ పిల్లోడు బతికి బయటికొచ్చేసినాడు."

"అదీ రాసినారా?"

"ఆయప్ప చెప్పిందే కదమ్మా నేను రాయాల్సింది."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. నా పిల్లల్ని రోజూ బడి నుంచి, బస్సులు తిరిగే రోడ్డు దాటించి తీసుకొచ్చేది నాయనే. ఆ పని మానమంటే ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పాలి?

పొద్దున పిల్లలకు జడలు వేస్తూ చెప్పాను.

"సాయంత్రం తాతే వస్తాడు. నేను వెనకాలే ఉంటాను, తాతకు చెప్పొద్దు. రోడ్డు దాటేదాకా ఆయన చేయి గట్టిగా పట్టుకోండి. తాత వదిలేసినా మీరు వదలొద్దు."